మైనపు కాపు ఎన్నాళ్లు నిలవాలి?

అక్టోబరు మాసం చివరిలో, మేపుల్ ఆకులు ఎర్రబడి రాలే రోజులలో, మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలలోని తెలుగువారి ఇళ్ల ముందు ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. శనివారం ఉదయం ఇంటాయన రెండు బకెట్లు, స్పాంజి, మెత్తబడిన పాత బనియన్లు, ఒక మైనం డబ్బా ముందు వేసుకొని కారుకు అభ్యంగన స్నానం చేయిస్తూ ఉంటాడు. నరకచతుర్దశి నాడు తాను తలంటుకోవడం మరచినా మరువవచ్చును గాని, కారుకు మాత్రం ఈ సేవ తప్పదు. ఇల్లాలు గుమ్మంలో నిలబడి, “నెల తిరక్కుండానే మంచు పడుతుంది, రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంత రుద్దీ లాభమేమిటండీ?” అని అడుగుతుంది. “ఇది ఆరు నెలలు ఉంటుందట, డబ్బా మీద రాశాడు” అని ఆయన జవాబు.

ఆమె ప్రశ్నలోనూ, ఆయన జవాబులోనూ కొంత నిజమున్నది, కొంత పొరపాటూ ఉన్నది. అంగడిలో వరుసగా పేర్చిన డబ్బాల మీద ఒకదానిపై మూడు నెలలు, ఒకదానిపై ఆరు నెలలు, మరొకదానిపై ఏడాది అని రాసి ఉంటుంది. ఖరీదైన సిరామిక్ లేపనాల వారు ఏళ్ల లెక్క చెబుతారు. ఎక్కువ కాలం మన్నేదే మేలైన సరుకు అని తలచడం సహజం. గొడుగైనా, చెప్పుల జతయినా మనవారు ఆ లెక్క ప్రకారమే కొంటారు. కారు మైనం దగ్గర ఆ లెక్క సగమే సరిపోతుంది. ఎన్నాళ్లు నిలుస్తుందని అడగడానికి ముందు, నిలిచినన్నాళ్లు అది ఏ శత్రువును ఆపగలదో, దేనిని ఆపలేదో తేల్చుకోవలసి ఉన్నది.

రెండు వెంట్రుకల మందం

నేటి కారు ఒంటి మీద కనిపించే రంగు ఒకే పూత కాదు. ఉక్కు రేకును ముందుగా ఫాస్ఫేటు ద్రావణంలో శుద్ధి చేసి, విద్యుత్తు సాయంతో తుప్పు పట్టనివ్వని పూత ఒకటి అంటిస్తారు. దానిపైన ప్రైమరు, ఆపైన రంగునిచ్చే పలుచని పూత, అన్నిటికీ మీద క్లియర్ కోట్ అనే పారదర్శక లేపనం. ఇన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లకు మించదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకొంటే, రెండు వెంట్రుకలను ఒకదానిపై ఒకటి పెట్టినంత మందంలోనే కారు అందమూ, ఆయుష్షూ ఇమిడి ఉన్నాయన్నమాట. ఇందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. దానిపై మనిషి చేతితో రుద్ది, తిరిగి తుడిచివేసిన తరువాత మిగిలే మైనం పొర ఒక మైక్రానుకు లోపే ఉంటుంది.

మైనం పూసే ఆచారం ఈ క్లియర్ కోట్ కంటే చాల పాతది. తొలినాటి కార్లకు గుర్రపు బండ్లకు వేసే వార్నిషే వేసేవారు. అది పొరపొరగా ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజు లాకరును తీసుకురాగా, జనరల్ మోటార్స్ వారు దానిని 1924 నమూనా ఓక్లండ్ కార్లకు వేశారు. ఆరే సమయం వారాల నుంచి గంటలకు దిగింది. లాకర్ అన్న మాటకు మూలం మన లాక్ష, అనగా లక్క, కావడం గమనింపదగినది. ఏటికొప్పాక బొమ్మల మీద తళతళలాడేది అసలైన లక్క; డ్యూకోలో లక్క లేదు, పేరు మాత్రమే మిగిలింది. ఈ లాకరు ఎండకు వెలిసిపోయి, గోడకు వేసిన సున్నం చేతికంటినట్లు పొడిపొడిగా రాలేది. పైపొరను అరగదీసి మెరుగుపెట్టడం, వెంటనే మైనం పట్టించడం ఆ రోజులలో కారున్న వారందరికీ తప్పని పని. 1980ల నుంచి క్లియర్ కోట్ విరివిగా వాడుకలోకి వచ్చిన తరువాత ఆ అవస్థ చాల వరకు తీరింది. తాతల కాలపు సలహా మాత్రం నేటికీ డబ్బాల మీద అలాగే నిలిచి ఉన్నది.

ఉదాహరణకు, దాదాపు ప్రతి డబ్బా మీదా ఉండే మాట: అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ. ఒక పొర కాంతిని ఎంత పీల్చుకొంటుందన్నది ఆ పొరలోని పదార్థం మీదనూ, పొర మందం మీదనూ ఆధారపడుతుంది. క్లియర్ కోట్‌ను తయారు చేసేటప్పుడే అతినీలలోహిత కాంతిని పీల్చే రసాయనాలనూ, ఎండ తాకిడికి పుట్టే విధ్వంసక రాడికల్సును అణచివేసే రసాయనాలనూ అందులో కలుపుతారు. ఆ పని 50 మైక్రాన్ల మందంలో జరుగుతుంది. అందులో యాభయ్యో వంతు కూడ లేని మైనం పొర, ఎంత మంచి మందు కలిపినా, ఎండను ఆపగలిగేది అత్యల్పం. ఎండకు నిజమైన మందు నీడ. గరాజు నిండా అట్టపెట్టెలు పేర్చి, కారును ఏళ్ల తరబడి ఆరుబయట ఎండబెట్టి, అతినీలలోహిత రక్షణ కోసం పాతిక డాలర్ల డబ్బా కొనేవారు మనలో తక్కువేమీ కాదు.

గీతల విషయమూ ఇంతే. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక స్ఫటికశిల, అనగా క్వార్ట్‌జ్; మోస్ గారి కాఠిన్య మానంలో దాని స్థానం 7. ఆ రేణువును స్పాంజి కింద పెట్టి గుండ్రంగా తిప్పితే, కింద మైనం ఉన్నా లేకున్నా క్లియర్ కోట్ మీద గీతలు పడతాయి. సాయంకాలం ఏటవాలు ఎండలో నల్ల కారు మీద సాలెగూడు వలె కనిపించే సన్నని గీతలలో అధిక భాగం రోడ్డు పెట్టినవి కావు, కడిగిన చేతులు పెట్టినవే. మైనం చేసే ఉపకారం ఒకటున్నది: దుమ్ము గట్టిగా అంటుకోదు, కొద్ది నీళ్లకే జారిపోతుంది, రుద్దే అవసరం తగ్గుతుంది.

ఇక ఉప్పు. ఇల్లాలి ప్రశ్న అసలు దీని గురించే. మంచు కరగడానికి చల్లే ఉప్పు, క్షేమంగా ఉన్న పూతను త్వరగా ఏమీ చేయలేదు. కంకర రాయి తగిలి రేకు బయటపడ్డ చోట, తలుపుల అడుగు అంచులలో, చక్రాల గూళ్లలో, కారు కడుపు కింద అది కాపురం పెడుతుంది. 1980ల నుంచి జింకు పూసిన ఉక్కు వాడకం పెరగడం వల్ల తుప్పు బాధ తగ్గిందే గాని తొలగలేదు. ఆ చోట్ల ఎవరూ మైనం పూయరు, పూయలేరు. ఆరు నెలలు నిలిచే మైనమైనా, అరవై నెలలు నిలిచేదైనా కారు అడుగుకు ఒరగబెట్టేది లేదు. చలికాలంలో గడ్డకట్టని రోజు చూసి అడుగు భాగానికి నీళ్లు కొట్టించడమే దానికి తగిన చికిత్స.

అసలైన శత్రువులు

మరి మైనం దేనికి? క్లియర్ కోట్‌ను కరచేవి కొన్ని ఉన్నాయి. వాటి విషయంలో మైనం విలువ గంటలలో కొలవాలి.

ఆమ్లవర్షం అందులో ముఖ్యమైనది. గాలిలోని గంధక, నత్రజని ఆక్సైడుల వలన వాన చినుకులోనూ, మంచు బిందువులోనూ కొద్దిగా ఆమ్లం చేరుతుంది. చినుకుగా పడినప్పుడు అది అతి పలుచన, ప్రమాదం లేదు. తెల్లవారి ఎండెక్కుతున్న కొద్దీ బొట్టులోని నీరు ఆవిరవుతుంది. గంధకామ్లం ఆవిరి కాదు. బొట్టు చిన్నదవుతున్న కొద్దీ ఆమ్లం చిక్కబడుతుంది, రేకు వేడెక్కుతుంది. చాల క్లియర్ కోట్‌లలో ఆక్రిలిక్ గొలుసులను మెలమిన్ అనే పదార్థం వంతెనల వలె కలిపి ఉంచుతుంది. చిక్కని ఆమ్లం ఈ వంతెనలను తెంచుతుంది. బొట్టు ఉన్న మేరకు చిన్న గుంట పడుతుంది. అది మరక కాదు కాబట్టి కడిగితే పోదు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ పట్టణం ఈ విధమైన నష్టానికి ఎంత పేరు పడిందంటే, పూతల కంపెనీలు తమ రేకు పలకలను వేసవి వారాలలో అక్కడ ఆరుబయట పెట్టి పరీక్షించడం ఒక ప్రమాణంగా మారింది. 1990లో వాయు శుద్ధి చట్టాన్ని సవరించిన తరువాత అమెరికాలో గంధక వాయువులు బాగా తగ్గాయి. ఆమ్లానికి లొంగని క్లియర్ కోట్‌లూ వచ్చాయి. ప్రమాదం మునుపటంత లేదు, అయినా ఉన్నది.

పక్షుల రెట్ట రెండవది. అందులోని యూరిక్ ఆమ్లాన్నే అందరూ నిందిస్తారు. 2009 ప్రాంతంలో ఇరాన్ పరిశోధకులు రెట్ట చేసే పనిని ప్రయోగశాలలో అనుకరించడానికి ప్యాంక్రియాటిన్ అనే జీర్ణ ఎంజైముల మిశ్రమాన్ని వాడి, పూతను కొరికే పనిలో ఎంజైముల పాత్ర కూడ ఉన్నదని చూపారు. పక్షి కడుపులో గింజను అరిగించిన సరుకే కారు పూతను కూడ అరిగించ చూస్తుందన్నమాట. ఎండకు పూత మెత్తబడి ఉన్న మధ్యాహ్నం వేళ ఇది మరింత వేగంగా జరుగుతుంది.

హ్యూస్టన్ నుంచి ఫ్లోరిడా దాకా గల్ఫ్ తీరాన ఉండే వారికి మూడవ శత్రువు పరిచితమే: లవ్‌బగ్ అనే జంట పురుగు. వసంతం చివర ఒకమారు, వేసవి చివర ఒకమారు మేఘాల వలె లేచి, రహదారిలో ఎదురు వచ్చిన కారు మూతికల్లా అంటుకొంటుంది. చచ్చిన వెంటనే దాని రసం దాదాపు తటస్థం. ఒక రోజు ఎండలో ఉంటే ఆమ్లమవుతుంది, పురుగు ఒళ్లు బంకవలె గట్టిపడుతుంది.

ఈ మూడింటి విషయంలోనూ మైనం చేసేది ఒకే పని. పూతకూ, ఆ పదార్థానికీ నడుమ తానుండి, తన వంతు ముందుగా కరిగిపోయి, యజమాని వచ్చి కడిగేదాకా కొంత గడువు ఇప్పిస్తుంది. ఆ గడువు గంటల లెక్క. రెట్ట పడ్డ కారును వారం రోజులు అలాగే ఉంచితే, ఏడాది నిలిచే మైనమైనా కాపాడలేదు. అదే సాయంత్రం తడిగుడ్డతో నానబెట్టి తుడిచేవారికి నెల రోజుల మైనం కూడ చాలును. అందుచేత డబ్బా మీద అంకె ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు. రెట్ట పడిన రోజున కారు మీద ఎంతో కొంత పొర ఉన్నదా అన్నదే ముఖ్యం.

తాటాకు చుట్టం, తామరాకు

బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగంలో, సెయారా, పియావి రాష్ట్రాల పొడి నేలలలో, కర్నౌబా అనే తాళజాతి వృక్షం పెరుగుతుంది. దాని ఆకులు మన తాటాకుల తీరులోనే విసనకర్రల వలె విచ్చుకొంటాయి. ఒంట్లోని నీరు ఎండకు ఆవిరై పోకుండా ఆ ఆకు తన మీద తానే మైనపు పొడి పూసుకొంటుంది. ఆకులను కోసి, ఎండబెట్టి, కొట్టి దులిపితే రాలే పొడిని కరిగించి వడకట్టగా వచ్చేదే కర్నౌబా మైనం. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, ఇది 82 నుంచి 86 డిగ్రీల దాకా ఆగుతుంది. పిల్లలు తినే మిఠాయి బిళ్లల మెరుపులోనూ, మందు మాత్రల పూతలోనూ, లిప్‌స్టిక్‌లోనూ ఉండేది కూడ ఇదే. స్వచ్ఛమైన కర్నౌబా ఇటుక వలె గట్టిది, పెళుసైనది, చేతితో పూయరాదు. కాబట్టి నూనెలు, ద్రావణులు, ఇతర మైనాలు కలిపి ముద్ద చేస్తారు. డబ్బా మీద “నూరు పాళ్లు కర్నౌబా” అని ఉంటే, అందులోని మైనం మొత్తం కర్నౌబాయేనని అర్థం. డబ్బా నిండా కర్నౌబాయేనని కాదు. అరిజోనా ఎండలో నల్ల కారు బానెట్ 80 డిగ్రీలకు చేరువ కాగలదు. కర్నౌబా ఒక్కటే అయితే ఆగునేమో గాని, దానితో కలిసిన సరుకు అంతకు ముందే మెత్తబడుతుంది. అందుకే ఈ మైనాల ఆయుష్షు సాధారణంగా కొన్ని వారాలు, మంచి నీడ ఉంటే రెండు నెలలు.

కృత్రిమ లేపనాలలో సిలికోను గొలుసులకు అమైను కొసలు తగిలించి, అవి పూతను పట్టుకొని తమలో తాము అల్లుకొనేటట్లు చేస్తారు. వీటి ఆయుష్షు కొన్ని నెలలు. ఈ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చిన సిరామిక్ లేపనాలు సిలికా, పాలీసిలజేన్ వంటి వాటితో చేసినవి. గాలిలోని తేమతో కలిసి గాజు వంటి పొరగా గట్టిపడతాయి. ఆమ్లాలకూ, సబ్బులకూ ఇవి మైనం కంటె బాగా ఆగుతాయి, ఏళ్లు నిలిచేవీ ఉన్నాయి. చిక్కు వేరొక చోట ఉన్నది. కింద ఉన్న గీతలూ మరకలూ దాని కింద అలాగే బందీలవుతాయి కాబట్టి ముందుగా కారునంతా మెరుగుపెట్టాలి. నిపుణుల చేత చేయిస్తే వందల డాలర్లు. ఇంత పెట్టిన తరువాత కారు కడగనక్కరలేదని కొందరు తలుస్తారు. కడగవలసిందే.

వీటన్నిటి ఆయువును లోకులు కొలిచేది నీటి ముత్యాలతో. తామరాకు మీద నీటిబొట్టు అంటుకోకుండా జారిపోవడం మన కావ్యాలకు ఎంత పాత ఉపమానమో చెప్పనక్కరలేదు. 1997లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్‌లు ఆ జారుడుకు కారణాన్ని వివరంగా ప్రకటించారు: ఆకు మీద సూక్ష్మమైన బొడిపెలు, వాటిపై మైనపు స్ఫటికాలు. అందువల్ల బొట్టు 150 డిగ్రీలకు పైబడిన కోణంతో, దాదాపు పూర్తి గోళమై దొర్లిపోతుంది, పోతూ దుమ్మును కూడ తీసుకుపోతుంది. కారు మీద మైనం ఉన్నా, కింద ఉపరితలం నునుపు కాబట్టి కోణం 100 డిగ్రీల ప్రాంతంలో ఆగుతుంది. బొట్టు అర్ధగోళమై కూర్చుంటుంది, కారు కదిలేదాకా కదలదు. టెక్సస్‌లో తోట నీటి చిమ్ములాట పడిన కారును చూస్తే తెలుస్తుంది: ముత్యం ఆరిన చోటల్లా సున్నపు ఉంగరం. ముత్యాలు అందంగా కట్టడం వల్ల ఆ ఉంగరాలు మరింత చిక్కగా పడతాయి. పైగా దుమ్ము పట్టితే మైనం ఉన్నా ముత్యాలు కట్టవు. సబ్బులోని నూనెల వల్ల మైనం లేకున్నా కొన్నాళ్లు కడతాయి. చేతనైన పరీక్ష ఏమంటే, బానెట్‌లో జానెడు మేర శుభ్రంగా కడిగి, సబ్బు లేకుండా చేసి, అప్పుడు నీళ్లు పోసి చూడడం.

తామరాకుకూ, కర్నౌబా ఆకుకూ ఒక సౌకర్యం ఉన్నది. అవి ప్రాణమున్నవి, పోయిన మైనాన్ని తిరిగి స్రవించుకోగలవు. కారు పూతకు ఆ భాగ్యం లేదు. ఎండ, వాన, సబ్బు, గుడ్డ కలిసి తీసివేసిన దానిని ఎవరో వచ్చి పెట్టాలి. మన్నిక విలువ ఎంతన్నది ఆ వచ్చే మనిషి ఎన్నాళ్లకొకసారి రాగలడన్న దానిని బట్టి ఉంటుంది.

ఎవరికి ఎంత మన్నిక

మిషిగన్ ఇంటాయన జవాబుకు బలం ఇక్కడ దొరుకుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఆరుబయట నిలిచి మైనం పూయడం కాని పని. రేకు చల్లగా ఉంటే మైనం సరిగా పట్టదు, చేతులూ పట్టవు. ఆ అయిదు నెలలలో పొరను తిరిగి వేసే అవకాశం లేదు కాబట్టి, అక్టోబరులో వేసే పూత తప్పకుండా దీర్ఘకాలం నిలిచేదే కావాలి. కృత్రిమ లేపనానికి పెట్టిన నాలుగు డాలర్లు ఎక్కువ కావు. ఏప్రిల్‌లో ఏది వేసినా ఫరవాలేదు. ఫ్లోరిడాలో దీనికి విరుద్ధం: పురుగు వచ్చే కాలం ముందే తెలుసు కాబట్టి, దానికి వారం ముందు వేసిన తాజా పూత, ఆర్నెల్ల కింద వేసి సగం అరిగిన గొప్ప పూత కంటె మిన్న.

అపార్టుమెంటులో ఉంటూ, తొలి ఉద్యోగంలో తొలి కారు కొన్న యువతీ యువకుల పరిస్థితి వేరు. వాకిట్లో బకెట్టు పెట్టనివ్వరు. నాణేలు వేసి కడుక్కొనే చోటో, యంత్రం కడిగే చోటో గతి. అక్కడి ఘాటైన క్షారపు సబ్బులు మైనాన్ని నాలుగైదు దఫాలలో ఊడ్చివేయగలవు. వీరికి సబ్బుకు ఆగే కృత్రిమ లేపనమే నయం. మూడేళ్ల లీజు మీద తీసుకొని తిరిగి ఇచ్చివేసే కారు మీద సిరామిక్ పూత వేయించడం అద్దె ఇంటికి చలువరాళ్లు పరిపించడం వంటిది; మైనం లేకున్నా ఆ క్లియర్ కోట్ మూడేళ్లు బతుకుతుంది. తండ్రి పదేళ్లు నడిపి, కూతురు కళాశాలకు వెళ్లేటప్పుడు తాళాలు చేతికిచ్చే క్యామ్రీ సంగతి అట్లా కాదు. అమెరికా రోడ్ల మీద కార్ల సగటు వయసు నేడు 12 ఏళ్లు దాటింది. క్లియర్ కోట్ ఒకమారు పొరలు లేచిన తరువాత దానికి మైనం వైద్యం లేదు, తిరిగి రంగు వేయించడమొక్కటే మార్గం. ఆ ఖర్చు చాలసార్లు పాత కారు వెలకే చేరువ అవుతుంది.

మన్నికను కోరడానికి మరొక కారణమున్నది, దీనిని డబ్బాలు చెప్పవు. “శుభ్రపరచే మైనం” అని అమ్మే వాటిలో సన్నని రాపిడి పొడి ఉంటుంది. రుద్దిన ప్రతిసారీ క్లియర్ కోట్ రవ్వంత అరుగుతుంది. ఏటా ఆరుసార్లు భక్తితో రుద్దే ఆసామి, ముఖ్యంగా తలుపుల అంచులలో, బానెట్ మడతల మీద, కాపాడదలచిన దానినే తీసివేస్తూ ఉంటాడు. ఏటికి రెండుసార్లు పూస్తే చాలుననిపించే లేపనం, రాపిడి పొడి లేనిది, ఈ విధంగా చూస్తే విలువైనదే. భుజాల నొప్పి ఉన్న వారికి ఈ వాదం త్వరగా నచ్చుతుంది.

ఇంతకూ ఎండా, మంచు బిందువులూ, రెట్టలూ అన్నీ ఎక్కువగా పడేది కారు కప్పు మీద. పూత మొదట పొరలు లేచేదీ అక్కడే. చేయి అందక, కంటికి కనబడక, మైనం అతి తక్కువగా చేరేదీ అక్కడే. తలుపులు అద్దాల వలె మెరిసే ఎన్నో వ్యాన్ల కప్పులు నడిమధ్య జానెడు మేర వెలిసి ఉంటాయి. వంటింట్లో పై అరల డబ్బాలు అందుకోవడానికి ఇల్లాలు వాడే ముక్కాలిపీటను ఆ శనివారం ఒక గంట అరువు తెచ్చుకొంటే, మైనం డబ్బాను కప్పు దగ్గరే మొదట తెరవవచ్చును.